వెలగని తెర

నేనొక చేతి ఫోన్ని. చూడటానికని నన్ను తయారుచేశారు. అందరికంటే ఎక్కువకాలం వాడినావిడ మాత్రం ఒక్కసారి కూడా నన్ను చూడలేదు. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పేరు సత్యవేణి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పొడవాటి హాలు, తెల్లటి దీపాలు, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి నా అద్దం మీది పలచని కాగితం తీసి, దుమ్ము రవ్వ ఏమైనా ఉందేమోనని కళ్ళు చికిలించి చూసింది. నేను మొదట చూసింది ఆ కళ్ళనే. ఆ పిల్ల రోజుకు ఎన్ని వందల అద్దాలు చూసేదో. మమ్మల్ని పెట్టెల్లో సర్దేటప్పుడు పైన రాసిన గొప్పలన్నీ తెర గురించే. ఇన్ని రంగులు, ఇంత మెరుపు, ఎండలోనూ కనిపించే వెలుతురు. నాకు తెలియకుండానే నాకూ కాస్త గర్వం పట్టింది.

మొదట నన్ను కొన్నవాడు సామర్లకోటలో మోటారు సైకిల్ సామాన్ల కొట్టు నడిపే వీరబాబు. పొద్దున లేస్తూనే పక్కనున్న మనిషి మొహం చూడకముందే నన్ను చూసేవాడు. అన్నం కలుపుతూ చూసేవాడు, బేరం ఆడుతూ చూసేవాడు. రెండేళ్ళు నిండగానే ఇంకా పెద్ద తెర ఉన్నది కొనుక్కుని, కాకినాడలో ఉన్న పెదనాన్న కూతురి చేతిలో నన్ను పెట్టాడు.

"అక్కా, ఇది నువ్వు వాడుకో. కొత్తదాన్లాగే ఉంది. చిన్న గీత కూడా లేదు."

సత్యవేణి నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని అంచు వెంబడి ఒకసారి వేలు తిప్పింది. "కింద ఎడమ మూల నొక్కుకుంది కదరా," అంది.

వీరబాబు వంగి చూసి, "అవునే. ఎప్పుడు పడిందో," అన్నాడు.

ఆమె నాలో మాట్లాడే ఏర్పాటు చేయించుకుంది. అద్దం మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడ ఏముందో నేను తెలుగులో పైకి చెప్పాలి. వేలు రెండుసార్లు తడితే ఆ పని చెయ్యాలి. కెమెరా ముందు పెడితే నోటు ఎంతదో, మందు పేరేమిటో చదివి వినిపించాలి. నెల తిరిగేసరికి నేను సగం మాట అనేలోపే ఆమె వేలు ముందుకు వెళ్ళిపోయేది.

ఆమె ఉద్యోగం కూడా వేలితోనే. కాకినాడలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే బ్రెయిలీ అచ్చుగది ఉంది. చూపులేని పిల్లల బడి పుస్తకాలు అక్కడ ఉబ్బెత్తు చుక్కల్లో తయారవుతాయి. సత్యవేణి వాటి ప్రూఫులు దిద్దుతుంది. ఎదురుగా గన్నేశ్వరరావు మాష్టారు కూర్చుంటారు. పిఠాపురం హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషి. ఆయన మామూలు పుస్తకం పట్టుకుని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతారు. ఆమె కుడిచేతి చూపుడువేలు చుక్కల మీద నడుస్తుంది. ఆయన నోటి మాటా ఆమె వేలి కింది మాటా ఒకటి కాకపోతే, "ఆగండి," అంటుంది. మాష్టారికి ఒక నియమం ఉంది. కాగితం మీద ఏది ఉంటే అదే చదవాలి. అచ్చుతప్పు ఉంటే అచ్చుతప్పుతోనే చదవాలి. మంచి చెయ్యబోయి చదివేవాడు దిద్దకూడదు. తొమ్మిదేళ్ళుగా ఆ బల్లకు అటొకరూ ఇటొకరూ. ఆమె సంచిలో పడుకుని నేనూ పదో తరగతి దాకా చదువుకున్నాను.

మార్చి నెలలో ఒక సాయంత్రం నా అద్దం పగిలింది. జగన్నాథపురం వంతెన దిగాక రోడ్డు దాటాలి. సత్యవేణి కర్ర ఆనించి, బళ్ళ చప్పుడు వింటూ, సందు దొరికేదాకా నిలబడుతుంది. ఆ రోజు అలా నిలబడి ఉండగా ఎవరో పెద్దమనిషి వెనకనుంచి వచ్చి, "పదమ్మా, పద," అంటూ మోచెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె చేతిలోంచి నేను జారి, రోడ్డు మధ్య రాతిగట్టు మీద పడ్డాను. ఆయన ఆమెను అవతలికి చేర్చి, జాగ్రత్తలు చెప్పి, పుణ్యం చేసుకున్న తృప్తితో వెళ్ళిపోయాడు. నన్ను వెతుక్కోవడానికి ఆమె మళ్ళీ అదే రోడ్డు దాటాల్సి వచ్చింది.

అద్దం సాలెగూడులా చిట్లింది గాని నేను మాట్లాడుతూనే ఉన్నాను. అదే ఆమెకు చేటయింది. మాట ఆగిపోయి ఉంటే నన్ను పక్కన పడేసేదే. రెండో రోజుకే సన్నటి గాజు రవ్వ ఒకటి చూపుడువేలి కొసలో దిగింది. పిన్నీసుతో తీయించుకుంది. మర్నాడు ఇంకొకటి దిగింది. ఎడమచేత్తో వాడబోయింది. అలవాటైన వేలు ఊరుకుంటుందా, తెలియకుండానే వచ్చి అద్దం మీద వాలేది. వారం తిరిగేసరికి ఆ వేలి కొస వాచి, పైన తోలు మందమెక్కింది.

వేరే ఉద్యోగానికైతే అది చిన్న గాయం. వేలికి గుడ్డ చుట్టుకుని, నడిమివేలితో ప్రూఫులు చదవడం మొదలుపెట్టింది సత్యవేణి. బ్రెయిలీలో ఒక్క చుక్క తగలకపోతే రెండు కాస్తా ఒకటవుతుంది, ల కాస్తా క అవుతుంది. నడిమివేలికి ఆ చదువు లేదు. ఐదో తరగతి లెక్కల పుస్తకంలో మాష్టారు, "పన్నెండు మంది కూలీలు," అని చదివారు. చుక్కల కాగితం మీద పదకొండే ఉంది. ఆమె "ఆగండి" అనలేదు. అరవై కాపీలు కుట్టేశాక, అనుమానం పీకి, ఎడమచేత్తో ఆ పేజీ తడుముకుని తనే కనిపెట్టింది. వెంటనే మేనేజరు గారి గదికి వెళ్ళింది.

"తప్పు అచ్చు యంత్రానిది కాదండి. నేను వేలితో చదవలేదు, మాష్టారి గొంతు విని తలూపేశాను," అంది.

మేనేజరు గారు మంచివారే. కోప్పడలేదు. "వేలు మానేదాకా సెలవు పెట్టమ్మా. మానాక చూద్దాం," అన్నారు.

ఆ 'చూద్దాం' అన్న మాట ఆమె ఇంటికి వచ్చేదాకా నమిలింది. సంచిలో ఉన్న నాకు వినబడుతూనే ఉంది.

మర్నాడు మాష్టారే ఆమెను సినిమా రోడ్డులో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్ళారు. కొట్టతను నన్ను అటూ ఇటూ తిప్పి చూసి మాష్టారి వైపు తిరిగాడు.

"పాత మోడలండి మాష్టారూ. డిస్‌ప్లే విజయవాడ నుంచి రావాలండి. అయినా ఆవిడకి కనపడదు కదండి, తెర మార్చి ఏం చేత్తారండి? పైన టేపేసి ఇచ్చేత్తాను, వాడేసుకుంటారు."

"నాతో చెప్పండి. ఫోను నాది," అంది సత్యవేణి.

"తప్పుగా అనుకోకండి మేడమ్ గారూ. మీ మంచికే చెప్తున్నానండి." మళ్ళీ మాష్టారి వైపు తిరిగాడు. "మార్చాలంటే నాలుగు రోజులు ఇక్కడ ఉంచాలండి. ఆవిడి లాకు నంబరెంతండి?"

"ఆవిడ నంబరు ఆవిడకి తెలుసండి," అంది ఆమె.

నాలుగు రోజులు నేను లేకపోతే ఆమెకు బస్సు నంబరు లేదు, మందు చీటీ లేదు, చిల్లర లెక్క లేదు. తెర తడిమి చూసుకోవడానికి కూడా తన చేతులకు అనుమతి లేనట్టు కొట్టతను ఆమె తల మీదుగా మాష్టారితో మాట్లాడుతున్నాడు. ఆమె చెయ్యి చాపింది. నన్ను ఆ చేతిలో పెట్టక తప్పలేదు.

"డిస్‌ప్లే తెప్పించండి చాలు. వేసుకోవడం నేను చూసుకుంటాను."

"మీరే వేసుకుంటారాండి?"

"ఆయ్."

కొట్టతను నవ్వలేదు. వారం పోయాక డిస్‌ప్లే ఇస్తూ సొరుగులోంచి సన్న మొన ఉన్న స్క్రూడ్రైవరు కూడా తీశాడు. "ఇది ఉంచండి మేడమ్ గారూ. పనయ్యాక ఇద్దురు గాని," అన్నాడు. మొదటిసారి ఆమెతోనే మాట్లాడాడు.

రెండో శనివారం అచ్చుగదికి సెలవు. పెద్ద బల్ల ఖాళీ. సత్యవేణి ఇంటినుంచి మూడు ఇడ్లీ రేకులు తెచ్చి బల్ల మీద వరసగా పరిచింది. విప్పిన మరల్లో ఏది ఏ గుంటలో వెయ్యాలో ముందే అనుకుంది. వేలికి రబ్బరు తొడుగు వేసుకుంది. మాష్టారు తన ఫోనులో ఈ పని నేర్పే వీడియో పెట్టారు. అందులో కుర్రవాడి గొంతు హుషారుగా ఉంది.

"ఫ్రెండ్స్, ముందు ఇది ఇలా పట్టుకుని, ఇక్కడ్నుంచి ఇలా లాగండి. వచ్చేసింది కదా. ఇప్పుడు ఇది తీసి అక్కడ పెట్టండి."

సత్యవేణి చేతులు బల్ల మీదే ఉండిపోయాయి. "ఇది అంటే ఏది మాష్టారూ?" అంది.

మాష్టారు వీడియో ఆపారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. జీవితమంతా ఎవరో రాసిన మాటలు చదివిన మనిషికి ఆ పూట మాటలు లేని చోట మాటలు పెట్టాల్సి వచ్చింది.

"సిమ్ము పెట్టే అర నుంచి బియ్యపు గింజంత కిందికి రామ్మా. అక్కడ వెనక మూతకూ అంచుకూ మధ్య సందు ఉంది. దొరికిందా?"

"దొరికిందండి."

గడువు దాటిన ఆమె బస్సు పాసు ఆ సందులో దూరింది. టక్కుమంటూ ఒక్కొక్క కొక్కెమూ ఊడి, నా వెనక మూత వచ్చేసింది. ఇన్నేళ్ళలో నా లోపల గాలి తగలడం అదే మొదలు. పదకొండు మరలు. పొట్టివి ఏడు, పొడుగువి నాలుగు. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నలిపి పొడవు తేల్చుకుని ఇడ్లీ గుంటలో వేసింది. బ్యాటరీ తీగ చివర చిన్న బిళ్ళను గోటితో లేపింది. అంతటితో నాకు తెలివి తప్పాలి. వస్తువుకు తెలివి ఉండటమే విడ్డూరం కాబట్టి, మిగిలినదీ చెప్పనివ్వండి.

పగిలిన అద్దం మీద టేపు అంటించి, హెయిర్ డ్రయ్యరు వేడి చూపించి, జిగురు మెత్తబడ్డాక పాసు ముక్కను అంచు వెంబడి తిప్పింది. కాలిన జిగురు వాసన గదంతా పట్టింది. మాష్టారు బల్ల మీదికి వంగి, "నెమ్మది, అక్కడ తీగ ఉంది, వేలు వెడల్పు వదిలెయ్," అంటున్నారు. చెమట ఆయన ముక్కు మీంచి కారుతోంది. ఆమె మాత్రం ప్రూఫు చదివేటప్పుడు ఉన్నట్టే తల కొద్దిగా పక్కకు వాల్చి నిశ్చలంగా ఉంది. పాత తెర గుడ్డపీలికలా లేచి వచ్చింది. గాజు పొడిని స్పిరిటు గుడ్డతో మూడుసార్లు తుడిచింది. కొత్త తెర తీగను సందులోంచి లోపలికి దూర్చింది.

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. ఇద్దరూ భోజనం మాట మరిచిపోయారు. ఇక రెండు తీగలు కలపాలి. వీడియోలో కుర్రవాడు, "ముందు దీన్ని నొక్కి, దాని తరవాతే దాన్ని నొక్కండి. మర్చిపోవద్దు ఫ్రెండ్స్," అన్నాడు.

మాష్టారు చెమట తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకునేసరికి కుర్రవాడి వేళ్ళు పక్కకు వెళ్ళిపోయాయి. ఏది దీన్ని, ఏది దాన్ని? వెనక్కి తిప్పి మళ్ళీ చూడవలసింది. అలసిపోయి ఉన్నారు, ఆమె వేళ్ళు ఎదురుచూస్తున్నాయి.

"ముందు బ్యాటరీ నొక్కెయ్యమ్మా. తరవాత తెర."

ఆమె బ్యాటరీ బిళ్ళ నొక్కింది. నాకు ప్రాణం వచ్చింది. తెర బిళ్ళ నొక్కింది. లోపల ఎక్కడో చీమ చిటికె వేసినంత చప్పుడైంది. అది వాళ్ళకు వినబడలేదు. తెరకు వెలుగు పంపే ఆవగింజంత ముక్క ఒకటి మాడిపోయింది.

మరలన్నీ బిగించి, మూత మూసి, పక్క బొత్తాం నొక్కి పట్టుకుంది. కాసేపటికి నేను గొంతు విప్పాను. "లాకు నంబరు చెప్పండి," అన్నాను.

సత్యవేణి రబ్బరు తొడుగు తీసేసింది. వాపు తగ్గని వేలిని కొత్త అద్దం మీద ఆనించింది. నున్నగా జారింది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి నడిపింది. ఇదివరకు పలకని చోట కూడా నేను పలికాను. "మాటలు వరసగా వస్తున్నాయి మాష్టారూ. ఎక్కడా గుచ్చుకోవడం లేదు," అంది.

మాష్టారు నా వైపు చూస్తున్నారు. నా తెర నల్లగా ఉంది. బల్లవైపు వంగి, చెయ్యి అడ్డం పెట్టి, కిటికీ వైపుకు తిప్పి చూశారు. చీకటిగానే ఉంది. ఆయన మొహం అంత దగ్గరగా అంతకుముందెప్పుడూ చూడలేదు నేను. ఏం జరిగిందో ఆయనకు తెలిసిపోయింది. వీడియో వెనక్కి తిప్పి, ధ్వని తగ్గించి చూశారు. ముందు తెర, తరవాత బ్యాటరీ. ఇదీ అదీ తారుమారయ్యాయి. సర్వనామాలు పిల్లలకు బెత్తం పట్టుకుని నేర్పిన మనిషి ఆయన.

చెప్పకపోతే ఆమెకు తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకెవరైనా ఏ బస్సులోనో చూసి చెప్పేనాటికి, ఫోన్లు చెడిపోవడానికి కారణాలు లక్ష. ఈలోగా ఆమె వీరబాబుకు ఫోన్ చేసి, తెర తనే మార్చుకున్నానని చెబుతోంది. అవతల అతను నమ్మలేకపోతున్నాడు. ఆ మాటలు అయ్యేదాకా మాష్టారు నిలబడే ఉన్నారు.

"అమ్మా సత్యవేణీ," అన్నారు చివరకు. "తెర వెలగడం లేదు."

ఆమె వేలు ఆగింది.

"కొంచెం కూడానాండి?"

"కొంచెం కూడా. ఫోను పనిచేస్తోంది. బొమ్మ లేదు. నేను తీగలు ముందూ వెనకా చెప్పాను. తప్పు నాది."

ఆమెకేం నష్టం లేదని మీరనుకోవచ్చు. ఉంది. ఆటో అతనికి దారి చూపించాలన్నా, ఆస్పత్రిలో నర్సుకు పాత చీటీ ఫొటో చూపించాలన్నా నా తెరే ఆమెకూ చూపున్నవాళ్ళకూ మధ్య వంతెన. అది ఆ మధ్యాహ్నం కూలిపోయింది. పొద్దుటినుంచీ పడ్డ పాటులో సగం పోయినట్టే. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండి," అంది.

"తెలిసేది కాదు. అందుకే చెప్పాను," అన్నారు మాష్టారు.

"కొత్త తెర నేను తెప్పిస్తాను. మళ్ళీ..." అని ఆయనే అనబోయారు.

"వద్దండి. మళ్ళీ విప్పితే ఈ వేలు ఇంకో నెల మానదు. జూన్‌కి పుస్తకాలు వెళ్ళాలి," అంటూ ఆమె ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలో పెట్టుకుంది. "మీ ఇంటి దగ్గర అమ్మగారు భోజనానికి చూస్తుంటారు. వెళ్ళండి."

మాష్టారు వెళ్ళారు. ఆవేళ ఆయన మెట్లు దిగిన తీరు నేను విన్నాను. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి దిగారు.

వేలు మానడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. చివర సన్న గీత మిగిలింది. ఆ గీత మీద పడిన చుక్క ఆమెకు మసగ్గా తెలుస్తుంది. అందుకని వేలిని కాస్త వారగా పెట్టి చదవడం నేర్చుకుంది. పదకొండుగా పడిన ఆ పేజీని అరవై కాపీల్లోనూ తనే మార్పించింది. పుస్తకాలు జూన్‌లో వెళ్ళాయి. మేనేజరు గారు మళ్ళీ 'చూద్దాం' అనలేదు.

నేను మరో పద్నాలుగు నెలలు ఆమె దగ్గర పనిచేశాను. బస్సులో పక్కవాళ్ళు, "మీ ఫోను ఆగిపోయిందండి," అని జాలిగా చెప్పేవాళ్ళు. ఆ మాట పూర్తవకముందే నేను టైము చెప్పేవాణ్ణి. వాళ్ళు ఉలిక్కిపడి నోరు మూసుకునేవాళ్ళు. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. పెట్టె మీద రాసిన గొప్పలన్నీ పోయాయి కదా. తరవాత తరవాత అలవాటైంది. చూడటానికి ఏమీ లేని నన్ను ఒక మనిషి రోజంతా చేత్తో పట్టుకుని తిరుగుతోందంటే నాలో ఇంకేదో ఉందనే కదా అర్థం. అదేమిటో పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు.

చివరకు బ్యాటరీ ఉబ్బింది. సత్యవేణి దాన్ని జాగ్రత్తగా తీసేయించి, కొత్త ఫోను కొనుక్కుంది. ఇప్పుడు నేను అచ్చుగది పెద్దబల్ల మీద ఉంటున్నాను. ఫ్యాను గాలికి ప్రూఫు కాగితాలు ఎగరకుండా బరువు పెట్టడం నా ఉద్యోగం.

ఈ మధ్య మాష్టారు ఇంట్లో కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చారు. చూపులేనివాళ్ళు తమ ఫోను తెర తామే మార్చుకోవడం ఎలాగో అందులో ఉంది. నాలుగు పేజీల్లో ఇది, అది, ఇక్కడ, అలా అన్న మాట ఒక్కటి కూడా లేదు. ప్రతి వస్తువుకూ దాని పేరు, ప్రతి చోటుకూ దాని కొలత. అడిగినవాళ్ళందరికీ పంపడానికి అది బ్రెయిలీలో అచ్చవుతోంది. నిన్న దాని ప్రూఫు చూశారు. కాగితం నా కిందే ఉంది కనుక ప్రతి మాటా విన్నాను.

మాష్టారు చదువుతున్నారు. సత్యవేణి వేలు వారగా నడుస్తోంది. మూడో పేజీ మధ్యకు వచ్చేసరికి ఆయన నెమ్మదించారు.

"తెర తీగ కలిపిన తరవాతనే, కామా, బ్యాటరీ తీగ కలపాలి, ఫుల్‌స్టాప్."

వేలు ఆ వాక్యం చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటినుంచి చివరకు వెళ్ళింది. మాష్టారు చేతిలోని కాగితం దించి ఆమె మొహం వైపు చూశారు.

"తప్పేం లేదు మాష్టారూ," అంది సత్యవేణి. "చదవండి."